పెరటి కబుర్లు: శివరాత్రి దాటింది, కత్తెర తీయండి

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చిందంటే నాకొచ్చే ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ: కత్తిరించమంటారా, వద్దంటారా? అందరికీ కలిపి ముందో మాట చెప్పేస్తాను. మన గోదావరి డెల్టాలో వసంతం చాలా పొట్టిది. శివరాత్రికి చలి పోతుంది, ఉగాది వెళ్లగానే ఎండ నెత్తికెక్కుతుంది. దాళ్వా పంట చేతికొచ్చాక ధవళేశ్వరం నుంచి కాలువలకి నీళ్లు ఆపేస్తారు, నూతుల్లో నీళ్లు కిందికి దిగుతాయి. ఇప్పుడు కత్తెర పెడితే వచ్చే చిగురు, మే 25కి రోహిణి కార్తె వచ్చేలోపు ముదరాలి. ఆ లెక్కకి అందేవి కత్తిరించండి, అందనివి తొలకరి దాకా వదిలేయండి. పెరడంతా ఒక్క ఆదివారంలో గొరిగేయడం మాత్రం వద్దు.

ప్రశ్న: పిన్నిగారూ, మా గుండుమల్లె పొద నడుమెత్తు పెరిగింది. ఆకు నిగనిగలాడుతోంది గానీ ఒక్క మొగ్గ లేదు. పక్కింటివాళ్ల పొద మోకాలెత్తే. వాళ్లప్పుడే మాలలు కడుతున్నారు. ఏం చేయమంటారు? (ఒక గృహిణి, పాలకొల్లు)

జవాబు: పక్కింటావిడ సంక్రాంతి వెళ్లగానే కత్తిరించి ఉంటుంది, అడిగి చూడమ్మా. మల్లె పాతకొమ్మ మీద పూయదు. కొత్తగా వచ్చిన చిగురు కొసనే మొగ్గ తొడుగుతుంది. మల్లెతోటల వాళ్లు చలికాలంలో కొన్నాళ్లు నీళ్లు మాన్పించి, ఆకు దూసేసి, జనవరిలో మోకాలెత్తుకి నరికేది అందుకే. చూసేవాళ్లకి పాపం అనిపిస్తుంది. మల్లెకి మాత్రం అదే పండగ.

మీకు ఆలస్యమైంది గానీ చేయి దాటిపోలేదు. ఒక వారం నీళ్లు ఆపండి. ఎండిన కొమ్మలూ, పొద లోపల ఒకదాన్నొకటి రాసుకునే సన్న పుల్లలూ తీసేయండి. మిగిలినవాటిని సగానికి తగ్గించండి. ఎక్కడ కోయాలంటారా? కొమ్మని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూడండి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. తొడిమ కొమ్మకి అతికేచోట, ఆ సందులో, ఆవగింజంత పచ్చటి బుడిపె ఒకటి కనపడుతుంది. రేపు కొమ్మయ్యేది అదే. దానికి అరంగుళం పైన, ఏటవాలుగా, ఒక్క వేటున కోయండి. మొద్దు కత్తెరతో నలిపితే బుడిపె దాకా ఎండిపోతుంది. ఆ తరవాత మొదట్లో మట్టి గుల్ల చేసి, తట్టెడు చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నిండా నీళ్లు పెట్టండి.

మొగ్గకి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. చిగురు కొసన సాధారణంగా మూడేసి మొగ్గలొస్తాయి, మధ్యది ముందు విచ్చుకుంటుంది. మూడూ అయ్యాక ఆ కొసని రెండు ఆకుజంటల కిందికి గిల్లేయండి, ఇంకో కాపు వస్తుంది. ఇంకో సంగతి: మీరు రాయలేదు గానీ ఆ నిగనిగ చూస్తే యూరియా వేస్తున్నట్టున్నారు. మానేయండి. పైన మామిడికొమ్మ నీడ పడుతుంటే దాన్నీ పక్కకి తప్పించండి. నీడలో మల్లె ఆకే ఇస్తుంది.

ఈ లెక్క అన్ని జాతులకీ కాదు సుమండీ. కాగడాలు చలికాలమంతా పూసి అలిసిపోయి ఉంటాయి, వాటినీ ఇప్పుడే కత్తిరించొచ్చు. సన్నజాజికి మాత్రం పెద్ద కత్తెర వేయకండి, ఎండుపుల్లలు ఏరి పందిరికి కట్టుకోండి చాలు. దాని రోజులు వానలతో వస్తాయి.

ప్రశ్న: కరివేపాకు మొక్క కొన్నప్పట్నుంచీ ఒంటికర్రలా పైకే పోతోంది. దానికి తోడు ఆకు మీద పిచ్చుక రెట్టల్లాంటివి కనపడ్డాయి, దులిపితే కదులుతున్నాయి! పుల్లమజ్జిగ పోయమని మా అత్తగారు, మందు కొట్టమని మావారు. (ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టండి. ముందు కర్ర తల తీసేయండి, మీ నడుమెత్తు దగ్గర. తల ఉన్నంతకాలం పక్క కొమ్మలు రావు. పూత కనపడితే అదీ తుంచేయండి. కాయ మనకెందుకు, ఆకు కావాలి గానీ. ఇంకోటి, పులుసులోకి ఆకు కావాలంటే ఒక్కొక్క రేకూ దూసుకోవడం మన ఇళ్లలో పెద్ద అలవాటు. అలా దూస్తే బోడి ఈనె మిగులుతుంది. కొమ్మ చివర నుంచి రెమ్మంతా విరుచుకోండి, మీ కోతే కత్తిరింపు అవుతుంది. మొదట్లో పిలకలు లేస్తుంటే ఒకటి రెండు ఉంచి, మిగిలినవి వేరుతో సహా తీసి చుట్టాలకి పంచండి. కడియం దాకా వెళ్లి కొనక్కర్లేదు.

ఆ రెట్టలు గొంగళిపురుగులు. నిమ్మ, కరివేపాకుల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక పిల్లలు. పక్షులు తినకుండా చిన్నప్పుడు ఆ వేషం, పెద్దయ్యాక ఆకుపచ్చ రంగు. పచ్చదాన్ని తాకి చూడండి, తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. రోజూ చారులో వేసుకునే ఆకు మీద మందు కొట్టడం ఏమిటండీ! మొక్క చిన్నదైతే చేత్తో ఏరి దూరంగా పడేయండి. పెద్దదైతే రెండు రెమ్మలు వాటికి వదిలేయండి, పిల్లలకి చూపించండి. అత్తగారి మజ్జిగ పోయనివ్వండి, పలచగా ఉంటే హాని లేదు. కానీ పొదయ్యేది కత్తెర వల్లే.

ప్రశ్న: మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. చలికాలం బాగున్న గులాబీలు ఇప్పుడు ఆకుల అంచులు మాడి రాలిపోతున్నాయి. కత్తిరిస్తే కొత్త ఆకు వస్తుందా? కుండీల్లో కొబ్బరిపొట్టు బాగా కలిపాను. (విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు)

జవాబు: మాస్టారూ, కత్తిరిస్తే కొత్త ఆకు వస్తుంది, అదీ మాడుతుంది. రోగం కొమ్మలో లేదు, నీళ్లలో ఉంది. సముద్రం పక్క ఊళ్లలో కాలువ కట్టేశాక ఈ బాధ ఇంకా పెరుగుతుంది. రోజూ చెంబెడు పోసే అలవాటు మానండి. చెంబెడు నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది, కుండీ అంచున తెల్లటి పూతలా కనపడేది అదే. మట్టి రెండంగుళాల లోతున ఆరాక, అడుగు చిల్లులోంచి ధార కట్టేలా పోయండి. కాలువకి నీళ్లున్నన్నాళ్లూ వారానికోసారి ఆ నీళ్లు తెప్పించి ఇలాగే కడిగేయండి. కుండీ కింద పళ్లెం ఉంటే తీసేయండి, కారిన ఉప్పునీళ్లు మళ్లీ పైకి పీల్చుకుంటుంది.

కొబ్బరిపొట్టు మన కోనసీమలో ఊరికే దొరుకుతుంది కాబట్టి అందరూ వాడతారు, కడగకుండా వాడతారు. పొట్టులో సహజంగానే ఉప్పుంటుంది. మంచినీళ్లలో రెండు మూడుసార్లు నానబెట్టి పిండాకే కలపాలి. మట్టి మీద పరవడానికి మాత్రం కొబ్బరి పీచు బంగారం, తడి ఆరనివ్వదు.

గులాబీకి ఇప్పుడు ఎండుకొమ్మలూ, వాడిన పూలూ తప్ప ఏమీ తీయకండి. పెద్ద కత్తిరింపు అక్టోబరు పని. వేసవిలో కళకళలాడాలంటే కాగితంపూలు, గన్నేరు, బిళ్లగన్నేరు పెట్టుకోండి. ఆ నీళ్లకి అవి తట్టుకుంటాయి. గులాబీలంటే మీకు ప్రాణమని ఉత్తరం చూస్తే తెలుస్తూనే ఉంది, అయినా రాజోలు నీళ్లతో పంతం వద్దు.

ప్రశ్న: కొబ్బరిచెట్ల కింద పెంచిన మందారం, తమలపాకు, వామాకు అన్నిటి మీదా నల్లటి మసి. తుడిస్తే పోతుంది, మళ్లీ పడుతుంది. ఇటుకబట్టీ పొగ అంటున్నారు. (ఒక పాఠకుడు, కొత్తపేట)

జవాబు: పొగ కాదండి. తలెత్తి కొబ్బరాకు అడుగుభాగం చూడండి, తెల్లటి గుండ్రటి చుట్టలు కనపడతాయి. సర్పిలాకార తెల్లదోమ అంటారు. 2016లో మన దేశంలో మొదట కనపడింది, ఇప్పుడు కోనసీమలో అది లేని తోట అరుదు. అది రసం పీల్చి తేనెలాంటి జిగురు కిందికి వదులుతుంది. ఆ జిగురు మీద నల్ల బూజు పెరుగుతుంది. బూజు ఆకుని తినదు గానీ ఎండ తగలనివ్వదు.

లీటరు నీళ్లకి 10 గ్రాముల మైదా కలిపి గంజి కాచి, చల్లార్చి, వడకట్టి ఎండపొద్దున కొట్టండి. ఆరాక మసితో కలిసి పొరలుగా ఊడి వస్తుంది. దోమ మందారం మీదికీ దిగితే లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి. ఘాటు పురుగుమందులు కొట్టారో, ఆ తెల్లదోమలో గుడ్లు పెట్టి చంపే సన్న కందిరీగలూ పోతాయి, దోమ మళ్లీ లేస్తుంది. చెట్ల సంగతి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి, మీకు దగ్గరే. తమలపాకు కోసుకుంటుంటారు కాబట్టి దానికి గంజి ఒక్కటే చాలు.

ప్రశ్న: తులసి ఎండిపోయింది, పుదీనా కాడలే మిగిలాయి. పీకేసి కొత్తవి పెట్టమంటారా? (ఇద్దరు ముగ్గురు అడిగారు)

జవాబు: తులసి కాండాన్ని గోటితో గీరండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది, పచ్చ ఉన్నంతవరకూ ఉంచి పైది తీసేయండి. వెన్నులు గింజకి రానిస్తే తులసి త్వరగా ముసలిదవుతుంది. పూజకి పనికొస్తాయని ఉంచుతారు, ఆ వెన్నులే కోసి పూజ చేయండి. అవి గోధుమరంగుకి తిరిగాక నలిపి కోట చుట్టూ చల్లితే నారు దానంతటదే లేస్తుంది.

పుదీనాని మట్టి మట్టానికి కోసేసి, పైన అంగుళం మందం వర్మీకంపోస్టు కప్పి, మధ్యాహ్నం ఎండ తగలని చోటికి మార్చండి. అంతే. కొత్తిమీర పూతకొస్తే ఇక ఆకు ఆశ వదిలేసుకోండి, ఈ ఎండలకి మళ్లీ వేసినా అదే వరస.

ప్రశ్న: కడియంలో కొన్న మొక్క మా ఇంటికి రాగానే ఎందుకు చస్తుంది? మీ నర్సరీల వాళ్లు ఏదో చేస్తారట కదా! (కోపంగా ఉన్న ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: ఆయ్, మేం చేసేది ఒకటుందండి: షేడ్‌నెట్ కింద పెంచుతాం. కడియపులంకలో నీడలో, పూటపూటా తడి మధ్య పెరిగినదాన్ని మీరు మార్చిలో డాబా మీద పెడితే ఏమవుతుంది? తెచ్చాక వారం పది రోజులు అరుగు మీద నీడనుంచండి, పొద్దుటి ఎండ కొంచెం కొంచెం చూపించండి. తరవాత సాయంత్రం పూట నాటండి. కవరు చీల్చేటప్పుడు మట్టిగడ్డ పగలకూడదు. వేళ్లు గడ్డ చుట్టూ చుట్టుకుని ఉంటే మాత్రం నాలుగు పక్కలా కత్తితో పైపైన గీయండి. బేరమాడి పూలున్న మొక్కే ఏరుకుంటారు గానీ, పూలు లేని, పక్క కొమ్మలున్న మొక్క తీసుకుంటేనే మీకు లాభం.

ప్రశ్న: పూలయిపోయిన చామంతి, బంతి మొక్కలు కుప్పేసి తగలబెట్టొచ్చా? (ఒక పాఠకురాలు, రావులపాలెం)

జవాబు: తగలబెట్టకండి తల్లీ. బంతిని ముక్కలు చేసి అక్కడే మట్టిలో కలిపేయండి, వేరుకి బుడిపెలు కట్టే నులిపురుగులు తగ్గుతాయి. ఆ మడిలో వంగ, టమాటా పెట్టేవాళ్లకి మరీ మంచిది. చామంతిని అసలు పీకొద్దు. పూలకాడలు అడుగు దాకా కోసేస్తే మొదట్లో పిలకలు లేస్తాయి. వాటిని నీడపట్టున, తడి ఎక్కువ కాకుండా వేసవి దాటించండి. జూన్, జులైలో విడదీసి నాటుకుంటే కార్తీకానికి మొగ్గకొస్తాయి.