కోడ్ స్కాన్ అయింది సరే, సరుకు అసలుదేనా?

ప్రశ్న: బెంగళూరు జె.సి. రోడ్డులో మాకు వాహనాల విడిభాగాల హోల్‌సేల్ దుకాణం ఉంది. ఆయిల్ ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు సొంత బ్రాండు పేరుతో తయారు చేయించి ఇక్కడితోపాటు అనంతపురం, చిత్తూరు జిల్లాల డీలర్లకు పంపుతుంటాం. కొంతకాలంగా పెట్టెల మీద క్యూఆర్ కోడ్ వేయిస్తున్నాం. ఈ మధ్య మా పెట్టెను కోడ్‌తో సహా అచ్చుగుద్దినట్లు దింపిన నకిలీ సరుకు బయటపడింది. దాన్ని స్కాన్ చేస్తే మా వెబ్‌సైటే తెరుచుకుంటోంది! హోలోగ్రామ్, క్యూఆర్ కోడ్ కలిసిన లేబుల్ వేయించమని మా ప్రింటర్ అంటున్నారు. పెట్టే ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా?
– విడిభాగాల వ్యాపారి, జె.సి. రోడ్డు, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరాన్ని బట్టి పెట్టెలన్నింటి మీదా ఒకే కోడ్ అచ్చవుతున్నట్లు తెలుస్తోంది. అందులో మీ వెబ్‌సైట్ చిరునామా తప్ప మరేమీ ఉండదు కనుక, దాన్ని ఎవరు ఫోటో తీసి అచ్చు వేసుకున్నా ఆ చిరునామాయే తెరుచుకుంటుంది. ఇది కోడ్‌లోని లోపం కాదు. జపాన్‌లో టొయోటా కుటుంబానికి చెందిన డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం 1994లో క్యూఆర్ కోడ్‌ను రూపొందించింది కార్ల విడిభాగాల లెక్కను ఫ్యాక్టరీలో వేగంగా చూసుకోవడానికే తప్ప, దొంగలను ఆపడానికి కాదు. మరకలు పడినా, కొంత చిరిగినా చదవగలగాలి గనుక, దిద్దుబాటు స్థాయిని, అంటే చెరిగిన భాగాన్ని కోడ్ తనే పూరించుకునే శక్తిని, గరిష్ఠంగా పెట్టుకుంటే దాదాపు 30 శాతం దెబ్బతిన్నా అందులోని సమాచారం తిరిగి వస్తుంది. అందరూ తేలిగ్గా చదవాలని పుట్టిన గుర్తును అందరూ తేలిగ్గా నకలు తీస్తున్నారంటే ఆశ్చర్యపడవలసింది ఏముంది?

కాబట్టి మొదట చేయవలసింది హోలోగ్రామ్ కొనడం కాదు, ప్రతి పెట్టెకూ వేరు వేరు కోడ్ ఇవ్వడం. ఆ కోడ్‌లు 1001, 1002 అని వరుసగా ఉంటే ఒక పెట్టె చూసినవాడు పక్క పెట్టె నంబరు చెప్పేయగలడు. సున్నా, ఓ వంటి తికమక గుర్తులను తీసివేయగా మిగిలిన 32 ఇంగ్లీషు అక్షరాలు, అంకెల నుంచి 10 స్థానాల కోడ్‌ను ఏ వరుసా లేకుండా తీస్తే వెయ్యి లక్షల కోట్లకు పైగా కోడ్‌లు సాధ్యమవుతాయి. వాటిలో మీరు 10 లక్షలు వాడారనుకున్నా, ఎవరైనా ఊహించి వేసిన కోడ్ మీ జాబితాలో ఉండే అవకాశం సుమారు నూరు కోట్లలో ఒకటి.

అప్పుడు నకిలీదారు ఊహించడం మానేసి, మీ పెట్టె ఒకటి కొని, దాని మీది కోడ్‌నే వేల లేబుళ్ల మీద అచ్చు వేస్తాడు. ఒకే కోడ్ ఉదయం హోసూరులో, మధ్యాహ్నం కర్నూలులో, సాయంత్రం హుబ్బళ్లిలో స్కాన్ అయితే మీ సర్వర్ దాన్ని పట్టుకోగలదు. అయితే ఆ సంగతి తెలిసేది మీకు. ఈలోగా మొదట స్కాన్ చేసిన వారికి “అసలు సరుకు” అన్న సమాధానం వెళ్లిపోయి, నకిలీ బ్రేక్ ప్యాడ్ బండికి బిగించడం కూడా అయిపోయి ఉంటుంది. పెట్టెకో కోడ్ పద్ధతికి ఉన్న ఈ వెలితిని పూడ్చడానికే హోలోగ్రామ్ కావాలి.

హోలోగ్రఫీ సూత్రాన్ని డెన్నిస్ గాబర్ 1947లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును మెరుగుపరిచే ప్రయత్నంలో కనిపెట్టారు. 1971లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మామూలు తెల్లని వెలుతురులో కనిపించే హోలోగ్రామ్‌ను 1968లో స్టీఫెన్ బెంటన్ తయారు చేశాక, 1980లలో అది క్రెడిట్ కార్డుల మీదికి ఎక్కింది. మీ లేబుల్ మీద కనిపించే ఆ ఇంద్రధనుస్సు రంగుల్లో సిరా చుక్క కూడా ఉండదు. లేజర్‌తో తీసిన మూలం నుంచి నికెల్ అచ్చు తయారుచేసి, దాంతో పాలియెస్టర్ ఫిల్మ్ మీద మిల్లీమీటరుకు సుమారు వెయ్యి చొప్పున గీతలు ఒత్తి, అల్యూమినియం పూత వేస్తారు. ఆ గీతల మీద పడిన వెలుతురు విడిపోయి, చూసే కోణాన్ని బట్టి ఒక్కో రంగు కనబడుతుంది. స్కానర్, జిరాక్స్ యంత్రం ఒకే కోణం నుంచి చూస్తాయి కాబట్టి వాటి నకలులో మసక బూడిదరంగు మచ్చే మిగులుతుంది.

మీ ప్రింటర్ ఇచ్చిన నమూనాను దుకాణంలోని ట్యూబ్‌లైటు కింద చూసి నిర్ణయించుకోకండి. వెడల్పుగా పరుచుకునే ఆ వెలుగులో మంచి హోలోగ్రామ్ కూడా చప్పగా కనబడుతుంది. ఫోన్ టార్చ్ వెలిగించి, లేబుల్‌ను కుడికీ ఎడమకీ నెమ్మదిగా వంచండి. పనితనం ఉన్నదైతే ఒక బొమ్మ తప్పుకుని రెండోది వస్తుంది, లేదా వెనుక ఉన్న అక్షరాలు ముందున్న బొమ్మ చాటునుంచి జరిగినట్లు కనిపిస్తాయి. ఎటు వంచినా రంగులు మారడం తప్ప ఆకారంలో ఏ కదలికా లేకపోతే అది ఎక్కడైనా దొరికే మెరుపు కాగితం కిందే లెక్క.

హోలోగ్రామ్ బలహీనత కూడా అక్కడే ఉంది. “ఒరిజినల్”, “జెన్యూన్” అని రాసి ఉన్న రెడీమేడ్ స్టిక్కర్ రోల్స్ బజారులో ఎవరికైనా అమ్ముతారు. మెరిసేదల్లా అసలుదేనని నమ్మే మెకానిక్‌కు మీ హోలోగ్రామ్‌లో ఏం కనబడాలో ఎవరూ చెప్పలేదు. అందువల్ల రెండింటినీ పక్కపక్కన అంటిస్తే రెండు బలహీనతలను పక్కపక్కన పెట్టినట్లే అవుతుందని నా అభిప్రాయం. అవి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి. మీకు తెలిసిన భాషలో చెప్పాలంటే కోడ్ బండి నంబరు ప్లేటు వంటిది. ఎవరైనా అదే నంబరు రాయించి మరో బండికి తగిలించవచ్చు. దాన్ని ఛాసిస్ నంబరుతో సరిచూసినప్పుడే దొంగ బండి దొరుకుతుంది.

ఆచరణలో ఇలా చేయించండి. హోలోగ్రామ్ ఫాయిల్‌లోని అల్యూమినియం పూతను లేజర్‌తో తొలగిస్తూ ఒక చిన్న నంబరు రాయించాలి. అది పైన అద్దిన సిరా కాదు గనుక గోటితో గీకినా పోదు. కోడ్ స్కాన్ చేయగానే తెరుచుకునే పేజీ “అసలు సరుకు” అని తీర్పు చెప్పి ఊరుకోకూడదు. ఆ పెట్టె హోలోగ్రామ్‌లో ఉండవలసిన నంబరును చూపించాలి, లేబుల్‌ను వంచితే బొమ్మ ఎలా మారాలో కొన్ని క్షణాల వీడియో చూపించాలి, ఆ కోడ్ ఇంతకు ముందు ఎన్నిసార్లు, ఏ ఊళ్లలో స్కాన్ అయిందో కూడా చెప్పాలి. అప్పుడు కోడ్‌ను నకలు తీసినవాడు లోహపు పూతలో నంబరున్న హోలోగ్రామ్‌ను కూడా తయారు చేయక తప్పదు. అసాధ్యమని అనను, ఆయిల్ ఫిల్టర్ పెట్టె మీద వచ్చే లాభానికి అంత శ్రమ పడేవారు తక్కువ.

లేబుల్ పెట్టె మూత అంచుకు అడ్డంగా పడాలి, పెట్టె తెరవగానే చిరగాలి. లేకపోతే మీ ఖాళీ పెట్టెలనే ఏరుకుని నకిలీ సరుకు నింపుతారు. నమూనా లేబుల్‌ను ఒక పెట్టెకు అంటించి, ఒక రోజు తరువాత హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి, మరొకదాన్ని ఫ్రీజర్‌లో పెట్టి, ఇంకొకదాని అంచున థిన్నర్ చుక్క వేసి ఊడదీసి చూడండి. మూడు పరీక్షల్లో దేనిలోనైనా చెక్కుచెదరకుండా ఊడివస్తే ఆ రకం వద్దని చెప్పండి.

అన్నింటికన్నా ముఖ్యమైనది, ప్రింటర్లు చెప్పడానికి ఇష్టపడనిది, రోల్స్ లెక్క. అచ్చయిన లేబుళ్లే వెనుక గుమ్మం నుంచి బయటికి పోతే కంచే చేను మేసినట్లవుతుంది. అందుకే ఏ కోడూ అచ్చయిన నాడే చెల్లుబాటు కాకూడదు. సరుకు మీ గోదాము నుంచి ఏ డీలరుకు వెళుతోందో నమోదు చేసిన తరువాతే సర్వర్‌లో చెల్లుబాటు కావాలి. ఖర్చు సంగతి అడిగారు. ఉన్న సరుకంతటికీ ఒకేసారి వేయించకండి. నకిలీలు వస్తున్న రకాలకు, ముందుగా ప్రాణాలతో ముడిపడిన బ్రేక్ ప్యాడ్లకు, వేయించి ఫలితం చూడండి.

ప్రశ్న: మాది పీణ్యలో చిన్న లేబుల్ ప్రింటింగ్ యూనిట్. హోలోగ్రామ్ ఫాయిల్ మీద నేరుగా క్యూఆర్ కోడ్ వేస్తే కొన్ని ఫోన్లు చదువుతున్నాయి, కొన్ని చదవడం లేదు. సిరా మార్చాలా?
– ప్రింటింగ్ యూనిట్ యజమాని, పీణ్య

జవాబు: సిరాను తప్పుపట్టకండి. వెండి రంగు ఫాయిల్ మన కంటికి తెల్లగా తోచినా, కెమెరాకు ఒక కోణంలో కళ్లు మిరుమిట్లు గొలిపే తెలుపుగా, మరో కోణంలో దాదాపు నలుపుగా కనబడుతుంది. మెరుపు వెళ్లి మూడు మూలల్లోని పెద్ద చదరాల మీద పడితే ఫోన్‌కు కోడ్ ఎక్కడుందో కూడా తెలియదు, దిద్దుబాటు స్థాయి ఎంత పెంచినా అక్కడ పనికిరాదు. కోడ్ ఉండే చోట మెరవని తెల్ల పూత వేసి దాని మీద నల్లగా అచ్చు వేయండి. చుట్టూ నాలుగు గడుల వెడల్పున ఖాళీ అంచు వదలండి. హోలోగ్రామ్ పట్టీ ఆ అంచుకు బయటే ఆగాలి.

కోడ్‌లో పెట్టే వెబ్‌సైట్ చిరునామాను ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో (క్యాపిటల్స్‌లో) పెడితే కోడ్ చిన్నదవుతుంది, ఎందుకంటే పెద్ద అక్షరాలు, అంకెలు, చుక్క, ఏటవాలు గీత వంటి 45 గుర్తులకు క్యూఆర్‌లో తక్కువ చోటు పట్టే ప్రత్యేక పద్ధతి ఉంది. 15 శాతం దిద్దుబాటుతో అలాంటి గుర్తులు 38 వరకూ ఒక్కో వైపు 25 గడులున్న కోడ్‌లో పడతాయి. ఒక్కో గడి అర మిల్లీమీటరు అనుకుంటే అంచులతో కలిపి 16.5 మిల్లీమీటర్లు సరిపోతుంది. అయితే పెద్ద అక్షరాల చిరునామాను మీ ఖాతాదారు సర్వర్ అంగీకరిస్తుందో లేదో ముందుగా కనుక్కోండి.

ప్రశ్న: మా అత్తగారి మందుల స్ట్రిప్పు మీద క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే వివరాలన్నీ వచ్చాయి. ఇక ఆ మందు అసలుదేనని నిశ్చింతగా ఉండవచ్చా?
– గృహిణి, మారతహళ్లి

జవాబు: సగం నిశ్చింత పడవచ్చు. మన దేశంలో 300 మందుల బ్రాండ్లకు 2023 ఆగస్టు 1 నుంచి బార్ కోడ్ గాని క్యూఆర్ కోడ్ గాని తప్పనిసరి చేశారు. ఉత్పత్తి గుర్తింపు కోడ్, మందు పేరు, బ్రాండు పేరు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు అందులో ఉండాలి. ఫోన్‌లో కనబడిన బ్యాచ్ నంబరును, గడువు తేదీని స్ట్రిప్పు మీద ఉన్నవాటితో సరిచూడండి. పాత సరుకు మీద తేదీ దిద్ది అమ్మేవారు అక్కడ దొరికిపోతారు. కానీ ఒకే బ్యాచ్ నంబరు ఎన్నో స్ట్రిప్పుల మీద ఉంటుంది గనుక, అసలు స్ట్రిప్పును చూసి ఉన్నది ఉన్నట్లు దింపితే వివరాలు సరిపోతాయి. యూరోపియన్ యూనియన్‌లో 2019 ఫిబ్రవరి 9 నుంచి ప్రిస్క్రిప్షన్ మందుల డబ్బాలకు విడివిడిగా నంబరు, తెరిస్తే తెలిసిపోయే సీలు రెండూ ఉండాలన్నారు. దుకాణంలో అమ్మేటప్పుడు ఆ నంబరును రద్దు చేస్తారు. మన దగ్గర బంగారు నగల మీద ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య) నగ నగకూ వేరుగా ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. మందులకు ఆ స్థాయి వచ్చేదాకా బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనడం, ఎప్పుడూ వాడే మాత్ర రంగు, గీత, రేకు మీది అచ్చు మారితే డాక్టరుకు చూపించడం మానకండి.

ప్రశ్న: ఒక చార్జర్ డబ్బా మీది కోడ్ స్కాన్ చేస్తే “అసలు సరుకు, బహుమతి గెలిచారు” అని వచ్చి ఓటీపీ అడిగింది. ఏం చేయాలి?
– విద్యార్థి, కె.ఆర్. పురం

జవాబు: ఇవ్వకండి. సరుకును సరిచూడటానికి ఓటీపీ, బ్యాంకు వివరాలు అక్కర్లేదు. నకిలీ కోడ్ నకిలీ పేజీకి తీసుకువెళ్లి తనకు తానే యోగ్యతాపత్రం ఇచ్చుకుంటుంది. కోడ్‌ను నమ్మకుండా కంపెనీ వెబ్‌సైట్ చిరునామాను మీరే టైప్ చేసి, అక్కడ నంబరు వేసి చూడండి.

ప్రశ్న: నకిలీ అని తేలాక ఫిర్యాదు ఎక్కడ చేయాలి?
– పాఠకుడు, బసవనగుడి

జవాబు: కొన్నవారైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, మందుల విషయమైతే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు తెలపాలి. బ్రాండు యజమాని 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద పోలీసులను ఆశ్రయించవచ్చు. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి వారంటు లేకుండానే సోదా చేయవచ్చు, కాకపోతే ముందుగా ట్రేడ్ మార్క్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. ఫిర్యాదుకు వెళ్లేముందు లేబుల్‌ను ఊడదీయకండి, పెట్టెను పారేయకండి. స్కాన్ చేసినప్పుడు వచ్చిన పేజీని తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, బిల్లుతోపాటు దాచి ఉంచండి.