దూర ప్రయాణంలో పిల్లలు ఇబ్బంది పడకుండా నిద్రమత్తు సిరప్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, పాపకు 10 నెలలు. సెలవులకు కుటుంబమంతా దూర ప్రయాణం పెట్టుకున్నాం. ముందు కారులో ఆరేడు గంటలు, ఆ తర్వాత విమానం. బాబు కారెక్కితే చాలు, గంట తిరక్కుండానే వాంతి చేసుకుంటాడు. పాపకు విమానంలో చెవినొప్పి వస్తుందని అంటున్నారు. ఇద్దరికీ కాస్త జలుబు సిరప్ పట్టిస్తే హాయిగా నిద్రపోతారని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. ఇవ్వొచ్చా?
- ఒక సోదరి

సమాధానం: ఆ సిరప్ మాత్రం ఇవ్వకండి. పాపకైతే అస్సలు వద్దు. మత్తు తెప్పించే జలుబు మందులు పసిపిల్లల్లో శ్వాసను మందగింపజేసే ప్రమాదం ఉంది. వాటిలో ఒకటైన ప్రొమెథజైన్‌ను రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వనే కూడదు. బిడ్డ నిద్రపోతోందనుకుని మనం నిశ్చింతగా ఉంటాం. ఊపిరి తేడాగా ఉన్నా కదిలే కారులో వెంటనే తెలియదు, తెలిసినా దారి మధ్యలో సాయం దొరకదు. పైగా కొందరు పిల్లల్లో ఈ మందులు ఎదురు తిరుగుతాయి. నిద్రపోవడం అటుంచి, ఇంకా చిరాకుపడి ఏడుస్తారు. పిల్లలు దారిలో పేచీ పెట్టడం జబ్బు కాదమ్మా, దానికి మందు అక్కర్లేదు.

బాబు సంగతి వేరు. తనది నిజమైన ఇబ్బంది. కారు కదులుతోందని లోపలి చెవి మెదడుకు చెబుతుంటుంది. ఫోన్‌కో పుస్తకానికో అతుక్కుపోయిన కళ్లేమో కదలికే లేదంటాయి. ఈ రెండింటికీ పొంతన కుదరకే వికారం, వాంతులు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల్లో ఇది ఎక్కువ. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. అందుకే కారులో ఫోన్, ట్యాబ్ చేతికివ్వకండి. అన్ని గంటలు అవి లేకుండా అంటే మీకు కష్టమేనని తెలుసు. పాటలు, కథలు వినిపించండి, చెవులతో వినేవాటితో ఏ ఇబ్బందీ లేదు. వెనక సీట్లోనే, తన ఎత్తుకు తగ్గ బూస్టర్ సీటు (పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టే అదనపు సీటు) మీద బెల్టు పెట్టి, ఎదురుగా దూరాన రోడ్డు కనబడేలా కూర్చోబెట్టండి. కిటికీ కాస్త దించి గాలి తగలనివ్వండి. కడుపు నిండా పెట్టి బయల్దేరకండి, అలాగని పస్తూ ఉంచకండి. తేలిగ్గా అరిగేది కొంచెం పెడితే చాలు.

వాంతి చెప్పకుండా రాదు. అంతసేపూ కబుర్లు చెబుతున్న పిల్లాడు ఉన్నట్టుండి మౌనంగా అయిపోతాడు. ఆవలిస్తాడు. ముఖం పాలిపోతుంది, నుదుటి మీద చిరుచెమట పడుతుంది, నోట్లో ఊరే ఉమ్మిని పదేపదే మింగుతుంటాడు. అప్పుడే కారు ఆపి, కిందికి దించి పది నిమిషాలు నడిపిస్తే చాలాసార్లు వాంతి దాకా వెళ్లదు. ఇవన్నీ చేసినా ఆగడం లేదంటే వాంతులు రాకుండా ఆపే మందులున్నాయి. పిల్లల డాక్టర్ బాబు బరువు చూసి డోసు రాయాలి. బయల్దేరడానికి అరగంట, గంట ముందే వేయాలి. వాంతి మొదలయ్యాక వేస్తే పెద్దగా ఫలితం ఉండదు.

ఇక పాప. విమానం కిందికి దిగేటప్పుడు బయటి గాలి ఒత్తిడి పెరుగుతుంది. గొంతు వెనక నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం తెరుచుకుంటేనే లోపలి ఒత్తిడి సర్దుకుంటుంది. అది మింగినప్పుడు తెరుచుకుంటుంది. కాబట్టి దిగడం మొదలైందనగానే పాప నిద్రలో ఉన్నా లేపి పాలు పట్టండి. ముక్కు దిబ్బడ ఉంటే అంతకు కాసేపటి ముందు ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వేయండి. జ్వరంగానీ, చెవిలో ఇన్ఫెక్షన్‌గానీ ఉంటే డాక్టర్‌కు చూపించకుండా విమానం ఎక్కించొద్దు. కారులో మాత్రం పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చోకండి, ఇది గట్టిగానే చెబుతున్నాను. సడన్ బ్రేక్ పడితే ఎంత బలంగా పట్టుకున్నా బిడ్డ చేతుల్లో నిలవదు. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటులోనే ఉండాలి. రెండు గంటలకోసారి ఆపి, బయటికి తీసి ఎత్తుకోండి.

మందుల సంచిలో పారాసిటమాల్, థర్మామీటర్, ఓఆర్ఎస్ తప్పక ఉండాలి. ఇద్దరికీ పారాసిటమాల్ డోసు ముందే రాయించుకోండి, కొలత గరిటెతోనే పట్టండి. ఓఆర్ఎస్ విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. లీటరు నీళ్లకు సరిపడా పొడి ఉన్న ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో కలిపేస్తారు. అలా చేస్తే ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. ప్యాకెట్ మీద రాసినన్ని శుభ్రమైన నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపండి, 24 గంటలు దాటితే పారబోయండి. విరేచనాలతో పాప ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మత్తుగా పడి ఉన్నా ప్రయాణం ఆపి ఆస్పత్రికి వెళ్లండి.

టీకాల కోసం బయల్దేరే ముందురోజు పరుగెత్తితే లాభం లేదు. ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి, నాలుగు నుంచి ఆరు వారాల ముందే డాక్టర్‌ను కలవండి. ఉదాహరణకు, కొన్ని దేశాలు అడిగే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ సూది వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. డాక్టర్‌ను కలిసిన రోజే ఇద్దరి బరువూ తూయించి, డోసులున్న చీటీని ఫొటో తీసి మీ ఫోన్‌లోనూ మీవారి ఫోన్‌లోనూ పెట్టుకోండి. మందుల సంచి లగేజీలో వేయకుండా చేతి బ్యాగులోనే ఉంచుకోండి.