విమానం కూలిన వీడియో చూశాక అబ్బాయిని పైలట్ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో స్థిరపడ్డాం. మా అబ్బాయి ఫిజిక్స్, మ్యాథ్స్‌తో పీయూసీ పూర్తిచేశాడు. పైలట్ అవుతానంటాడు. ఫ్లయింగ్ స్కూల్లో అడ్వాన్సు కడదామనుకున్న వారంలోనే, కాఠ్మాండూలో విమానం లేస్తూనే కూలిపోయిన పాత వీడియోను ఎవరో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది చూసి మా అత్తగారు ఏడుపు ఆపడం లేదు. మా ఆయనేమో ఆ డబ్బుతో ఇంజనీరింగ్ చదివిద్దామంటున్నారు. వాడు మాత్రం ‘‘అది పైలట్ తప్పు, నేనలా చెయ్యను’’ అంటున్నాడు. నాకేమీ పాలుపోవడం లేదు. – ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ అత్తగారి ఏడుపు నాకు అర్థమైంది. మీ అబ్బాయి అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ముందు దాని సంగతి చూద్దాం.

ఆ వీడియో 2024 జులై 24 నాటిది. సౌర్య ఎయిర్‌లైన్స్‌కు చెందిన సీఆర్‌జే-200, యాభై సీట్ల చిన్న జెట్. మెయింటెనెన్స్ పని కోసం పోఖరాకు బయల్దేరింది. లోపలున్న 19 మందిలో ఎక్కువమంది ఆ సంస్థ సిబ్బందే. 18 మంది చనిపోయారు, కెప్టెన్ ఒక్కరే బతికారు. ముక్కు ఎత్తాల్సిన వేగం కంటే ముందే, అదీ మరీ జోరుగా ఎత్తడంతో రెక్కలకు పట్టు తప్పి విమానం పడిపోయిందని దర్యాప్తులో తేలింది. ఇక్కడిదాకా వింటే మీవాడి మాట నిజమే అనిపిస్తుంది. కానీ ఏ వేగం దగ్గర ముక్కు ఎత్తాలో చెప్పే కార్డులోనే అంకెలు తప్పు. ముక్కును అలా జోరుగా ఎత్తడం అంతకుముందూ చాలాసార్లు జరిగింది, దాన్ని పట్టించుకుని సరిదిద్దినవాళ్ళు లేరు. సరుకు ఎక్కించడంలోనూ నిర్లక్ష్యమే. కంట్రోల్ మీద చెయ్యి పైలట్‌దే, ఆ చెయ్యి వెనక ఇంతమంది ఉన్నారు.

ఇంకొకటి చెబుతాను, నాకు మరీ బాధ కలిగించే ప్రమాదం ఇది. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో ఎయిర్ మిడ్‌వెస్ట్ వారి 19 సీట్ల బీచ్‌క్రాఫ్ట్ విమానం నేల విడిచిన 37 సెకన్లకే కూలింది. పైలట్లిద్దరితో కలిపి 21 మందీ పోయారు. రెండు రాత్రుల ముందు ఒక మెకానిక్ ఎలివేటర్ (విమానం ముక్కును పైకీ కిందికీ కదిపే, తోకలోని భాగం) కేబుల్ బిగువు సరిచేస్తూ కొన్ని మెట్లు వదిలేశాడు. ఆ విమానం మీద అతనికి అదే మొదటిసారి. పని నేర్పుతున్న మనిషే తనిఖీ చేసి సంతకం పెట్టే మనిషి కూడా. దాంతో ముక్కును కిందికి దించే కదలిక సగానికి సగం తగ్గిపోయింది. ఆ తర్వాత కూడా విమానం కొన్నిసార్లు బాగానే ఎగిరింది. జనవరి 8న మాత్రం నిండా జనం, వెనక భాగంలో బరువు. ఒక్కొక్కరి బరువు ఇంత అని లెక్కవేసే సగటు అంకెలు కూడా పాతబడినవి. అందువల్ల కాగితం మీద బరువు సరిపోయింది, విమానంలో సరిపోలేదు. ముక్కు పైకి లేచింది, పైలట్లు ఎంత తోసినా దిగలేదు. ఆ సగటు బరువుల్ని తర్వాత సవరించారు. చనిపోయినవారి కుటుంబాలు పట్టు విడవకపోవడంతో 2005లో ఆ సంస్థ బాధ్యత ఒప్పుకుని బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

ఇక్కడ మీ అబ్బాయి ‘‘నేనలా చెయ్యను’’ అనగలడా? వాడు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

అందుకే ఒక పని చెబుతున్నాను. ఈ రెండు ప్రమాదాల దర్యాప్తు నివేదికలూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒకటి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవమనండి. యూట్యూబ్ వీడియోలు వద్దు, నివేదికే చదవాలి. అర్థం కాని మాటలు రాసుకోనివ్వండి. తర్వాత భోజనాల దగ్గర నాన్నకూ నానమ్మకూ తెలుగులో చెప్పమనండి. ప్రమాద దర్యాప్తు జరిపేది ఎవరి మీదో నింద వెయ్యడానికి కాదని, మళ్ళీ జరగకుండా చూడ్డానికని అంతర్జాతీయ నిబంధనల్లోనే ఉంది. అది మనసుకెక్కిన కుర్రాడు చెక్‌లిస్టును చులకనగా చూడడు. చదివాక భయపడితే భయపడనివ్వండి. భయపడ్డాక కూడా వెళ్తానంటే ఆ మాటకు విలువివ్వండి. అసలు చదవనే చదవనంటే మాత్రం, అరకోటి పైచిలుకు ఖర్చయ్యే కోర్సుకు ఈ ఏడాది తొందరపడొద్దని నా గట్టి అభిప్రాయం.

చదువుతూ చదువుతూ వాడి మనసు ఆ కేబుల్ మీదికే పోతే, ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరు లైసెన్సు దారి ఉంది. అందులో బీ1 మెకానికల్ వైపు, బీ2 ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్స్ వైపు. ఖర్చు పైలట్ కోర్సు కంటే చాలా తక్కువ. విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్, వాటిపై పరిశోధన చేసే ఎన్ఏఎల్ ఉన్న ఊళ్ళో ఉంటూ దాన్ని రెండో రకం చదువు అనుకోవద్దని మీవారికి చెప్పండి.

ఇక స్కూలు సంగతి. ప్రమాదం జరగదని మాట ఇవ్వగలిగినవాళ్ళెవరూ లేరు. పెద్ద ఎయిర్‌లైన్స్‌తో పోలిస్తే శిక్షణ విమానాల్లో రిస్కు ఎక్కువన్నదీ నిజమే. కాబట్టి అడగాల్సినవి మీరే అడగండి. మెయింటెనెన్స్ ఎవరు చేస్తారు? లైసెన్సున్న ఇంజనీర్లు సొంతవాళ్ళా, బయటినుంచి వచ్చేవాళ్ళా? గతంలో ప్రమాదాలు జరిగాయా, జరిగాక ఏం మార్చారు? వాతావరణం బాగాలేదని విద్యార్థి ఎగరనంటే ఏమంటారు? విసుక్కునే స్కూలుకు డబ్బు కట్టకండి. పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇప్పుడు ఫ్లయింగ్ స్కూళ్ళకు ర్యాంకులిస్తోంది, అవీ చూడండి. లైసెన్సుకు కావాల్సిన 200 గంటల ఫ్లయింగ్ ఎన్నాళ్ళలో పూర్తవుతుందో కాగితం మీద రాయించుకోండి.

వీటన్నిటికంటే ముందు వైద్య పరీక్ష. చాలామంది ఫీజు కట్టి, లోను తీసుకుని, ఆ తర్వాత కంటిలోనో చెవిలోనో లోపం బయటపడి కుమిలిపోతారు. డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర మొదటి మెట్టు అయిన క్లాస్ 2 పరీక్ష, ఆ తర్వాత కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావాల్సిన క్లాస్ 1 పరీక్ష చేయించండి. క్లాస్ 1 చేసే కేంద్రాల్లో ఒకటైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ మీ బెంగళూరులోనే ఉంది. అప్పటిదాకా అడ్వాన్సు ఆపండి. ‘ఈ వారంలో కట్టకపోతే సీటు పోతుంది’ అని ఫోన్లు వస్తే రానివ్వండి. క్లాస్ 2 ఫలితం వచ్చాక, వాడు ఏ నివేదిక చదివాడో, మీ అత్తగారు ఏమన్నారో రాయండి. స్కూళ్ళ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.