సైకాలజీలో చేరిన అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

సైకాలజీ తీసుకున్నావట. ఈపాటికి చుట్టాల్లో ఒకరైనా "అయితే నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం" అని అడిగే ఉంటారు. నవ్వి ఊరుకో. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో చెప్పడం ఈ చదువు నేర్పదు. ఎవరైనా అలా చెబితే "నీకెలా తెలిసింది? దేంతో కొలిచావు?" అని అడగడం నేర్పుతుంది.

ముందు మాటల సంగతి. ఈ సబ్జెక్టులో సగం మాటలు మనకు ముందే వచ్చినట్టు అనిపిస్తాయి, చిక్కంతా అక్కడే. బస్సు తప్పిపోయినా డిప్రెషనే, మార్కులు తగ్గినా డిప్రెషనే మన ఇళ్ళల్లో. మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎమ్ లెక్క వేరు. తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు రెండు వారాల పాటు ఉండాలి. వాటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ తప్పనిసరి. పైగా దానివల్ల మనిషి బాగా నలిగిపోతుండాలి, లేదా రోజువారీ పనులు దెబ్బతినాలి. అలాగే 'నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్' అంటే శిక్ష అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. సీటు బెల్టు పెట్టుకోగానే కారులో ఆ కీచుమోత ఆగిపోతుంది చూడు, అదీ సంగతి. ఇబ్బంది తొలగింది కాబట్టి బెల్టు పెట్టుకునే అలవాటు పెరుగుతుంది. ఇక్కడ నెగెటివ్ అంటే తీసెయ్యడం, చెడ్డది అని కాదు. ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీసుకో: మాట, నీ తెలుగులో ఒక వాక్యం, 'ఇది మాత్రం అది కాదు' అనిపించే ఒక ఉదాహరణ. మూడో గడి నింపలేకపోయావంటే ఆ మాట ఇంకా రానట్టే. రోజుకి ఐదు మాటలు చాలు.

ఇక ప్రాక్టికల్స్. రికార్డు అంటే అట్ట వేసి బొమ్మలు గీసే పుస్తకమని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే ఈ చదువులో అసలు పని అక్కడే జరుగుతుంది. ముల్లర్-లయర్ భ్రమనే తీసుకో, సమానమైన రెండు గీతలు వేరువేరు పొడవుల్లో కనిపించే కంటి భ్రమ, 1889 నాటిది. బాణం మొనలు బయటికి చూసే గీత పొట్టిగా, రెక్కలు విచ్చుకున్న గీత పొడుగ్గా కనిపిస్తాయి. మొదటిది కదలదు, 15 సెంటీమీటర్లు అనుకుందాం. రెండోదాన్ని జరుపుతూ, రెండూ సమానంగా కనిపించినచోట ఆపమంటావు. సగంసార్లు రెండో గీతను బాగా పొడుగ్గా పెట్టి తగ్గించమను, సగంసార్లు పొట్టిగా పెట్టి పెంచమను. ఎందుకంటే పొడుగు నుంచి వచ్చేవాళ్ళు ఒకచోట, పొట్టి నుంచి వచ్చేవాళ్ళు ఇంకోచోట ఆగుతారు. ఒకవైపు నుంచే చేయిస్తే ఆ తేడా కూడా భ్రమ ఖాతాలో పడిపోతుంది. కుడి, ఎడమలు కూడా అలాగే మార్చు. పది ప్రయత్నాల సరాసరి 12.9 వచ్చిందనుకో, 15 తీసేస్తే మైనస్ 2.1. అదీ ఆ మనిషి అంచనాలో వచ్చిన దోషం, అంటే ఎర్రర్. మైనస్ గుర్తు వదిలేయకు, అది దిశ చెబుతుంది.

పాడయ్యేది ఎక్కడో కూడా చెబుతాను. పరికరం వెనక స్కేలు ఆ మనిషి కంటపడుతుంది. లేదా నువ్వు "ఊఁ" అంటావు, అది అందుకుని అక్కడే ఆపేస్తారు. సూచనలు కాగితం మీద రాసుకుని అందరికీ ఒకేలా చదువు. "సమానంగా కనిపించేలా" అనాలి, "సమానంగా ఉండేలా" అన్నావంటే కొలవడం మొదలుపెడతారు. అంకెలు పుస్తకంలో చెప్పినట్టు రాలేదని సీనియర్ రికార్డులోంచి ఎక్కించకు. ఎందుకు రాలేదో చర్చలో రాయి, ఆ పేజీకే విలువ. ప్రయోగంలో పాల్గొన్న మనిషి పేరు బదులు పొడి అక్షరాలు రాస్తే చాలు.

పరిశోధన వ్యాసం చదివేటప్పుడు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకు. సారాంశం చూసి నేరుగా 'మెథడ్' భాగానికి వెళ్ళు. ఎవరు, ఎంతమంది, దేన్ని దేంతో పోల్చారు, ఎప్పుడు కొలిచారు? జ్ఞాపకశక్తి మీద రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు రాసిన 2006 వ్యాసంతో మొదలుపెట్టు, నీ పరీక్షలకీ పనికొస్తుంది. మొదటి ప్రయోగంలో 120 మంది కాలేజీ విద్యార్థులు. పాఠాన్ని రెండోసారి చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు. కానీ రెండోసారి చదవకుండా, చూడకుండా రాసినవాళ్ళు వారం తర్వాత ముందుకొచ్చారు: 42 శాతానికి 56 శాతం. ఎప్పుడు కొలిచారన్నది వదిలేస్తే ఫలితమే తలకిందులవుతుంది. అందుకే పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయి. రంగు పెన్నులతో గీతలు గీస్తే చదివినట్టు ఉంటుంది, అంతే.

ఒక వ్యాసం చూసి తీర్మానించేయకు. 2015లో వంద సైకాలజీ అధ్యయనాలను మళ్ళీ చేసి చూస్తే, ఫలితం గణాంకపరంగా నిలబడింది 36 శాతానికే. రెండు విషయాలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే సహసంబంధం (కోరిలేషన్) 0.3 వచ్చిందని చూసి మురిసిపోకు, వర్గం చేస్తే 0.09. అంటే తేడాల్లో తొమ్మిది శాతమే దాంతో ముడిపడి ఉంది. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులు అసలు ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ వెతికి చూడు. లేని వ్యాసాలకు పేర్లు పుట్టించడం దానికి అలవాటు.

ప్రశ్నావళి వాడితే తిరగేసిన ప్రశ్నలు, అంటే అవునన్న కొద్దీ మార్కు తగ్గాల్సినవి, ముందే గుర్తుపెట్టుకో. ఒకటి నుంచి ఐదు వరకు స్కేలైతే ఆరులోంచి మార్కు తీసెయ్యాలి. ఇది మరిచిపోతే మొత్తమంతా గల్లంతే. ఇంగ్లీషు ప్రశ్నావళిని మాటకు మాట తెలుగు చెయ్యకు. అమెరికాలో తయారైన ఒక డిప్రెషన్ స్కేలులో దిగులును 'బ్లూస్' అన్నారు. నీలం అని రాస్తే మన పల్లెలో పెద్దావిడ ఏమని జవాబిస్తుంది? ఒకరు తెలుగు చేస్తే, ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరితో మళ్ళీ ఇంగ్లీషు చేయించు. రెండూ పక్కపక్కన పెడితే తేడా బయటపడుతుంది.

చివరిగా, డిగ్రీ చదువుతూ ఎవరికీ జబ్బు పేరు అంటించకు, కౌన్సెలింగు మొదలుపెట్టకు. స్నేహితురాలు ఇబ్బందిలో ఉంటే శ్రద్ధగా విను, తర్వాత ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ-మానస్ నంబరు 14416 ఇవ్వు. తెలుగులోనూ మాట్లాడతారు.

మొదటి ప్రయోగం అయ్యాక నాకు పంపు. సరాసరి కాదు, కొట్టివేతలతో సహా ముడి అంకెల కాగితం.

మీ పెద్దమ్మ