డాక్టర్ కుటుంబాన్ని కాగితం మీద పెట్టేటప్పుడు

చిన్నీ,

బీబీసీ టీవీ సిరీస్ 'డాక్టర్ హూ'లో కాలంలో ప్రయాణించే డాక్టర్ బంధుత్వాలన్నీ ఒక వంశవృక్షంగా గీసి, కొత్తగా చూసేవాళ్లకి తెలుగులో అందించాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఇలాంటి పని ఎవరైనా చేస్తే బాగుండునని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. మొదటి పేరు దగ్గరే ఆగిపోయానన్నావు. సూజన్ డాక్టర్‌కి సొంత మనవరాలేనా, అయితే ఆమె తల్లిదండ్రులెవరు, 2020లో వచ్చిన కథతో పాతవన్నీ కొట్టుకుపోయాయా అని అడిగావు. అన్నిటికీ జవాబు చెప్తాను. ముందు మాత్రం పనిచేసే పద్ధతి కాస్త మార్చుకో.

నువ్వు పంపిన కాగితంలో పేర్లున్నాయి, గీతలున్నాయి, గీతల పక్కన ఏమీ లేదు. ఇద్దరిని కలుపుతూ గీత గీసిన ప్రతిసారీ ఆ బంధం ఉందని ఎవరన్నారు, ఏ కథలో అన్నారు, అది ఏ ఏడాది ప్రసారమైంది అనేవి పక్కనే రాయి. వీలైతే ఆ డైలాగ్‌ని ఉన్నదున్నట్టు దించుకో. చాదస్తం అనుకోకు. అరవై ఏళ్లకు పైబడి ఎంతోమంది రచయితల చేతులు మారుతూ వచ్చిన కథ ఇది. 1963లో రాసినవాళ్లకి 1976లో ఏం రాయబోతున్నారో తెలియదు. 2020లో రాసినవాళ్ల ముందు మాత్రం అంతకుముందు వచ్చిందంతా ఉంది. ఈ తేడా కాగితం మీద కనబడకపోతే చూసేవాళ్లు మొదటి నుంచీ అంతా ఒకేసారి అనుకుని రాశారనుకుంటారు.

సూజన్‌నే తీసుకుందాం. 1963 నవంబర్ 23న బీబీసీలో మొదటి ఎపిసోడ్ వచ్చింది. ఒక విద్యార్థిని తీరు వింతగా ఉందని ఇద్దరు టీచర్లు ఆమె వెంట వెళ్లి, పాత సామాను పడేసిన ఒక యార్డులో పోలీసులకి ఫోన్ చేసే గదిలాంటి పోలీస్ బాక్స్‌నీ, ఒక ముసలాయన్నీ చూస్తారు. ఆ అమ్మాయి ఆయన్ని తాతయ్యా అని పిలుస్తుంది. విలియం హార్ట్‌నెల్ ఆ డాక్టర్, కరోల్ ఆన్ ఫోర్డ్ ఆ సూజన్. అయితే ఆ ఎపిసోడ్‌ని అంతకుముందు ఒకసారి తీసి, బాగా రాలేదని పక్కన పెట్టారు. అది ఇప్పటికీ ఉంది, దొరికితే తప్పకుండా చూడు. అందులో సూజన్ తాను 49వ శతాబ్దంలో పుట్టానని చెబుతుంది. రెండోసారి తీసినప్పుడు ఆ మాట తీసేసి, వేరే కాలంలో, వేరే ప్రపంచంలో పుట్టానని అనిపించారు. మొదటి మాటే ఉండిపోయుంటే ఈ తాతా మనవరాళ్లు భవిష్యత్తు నుంచి వచ్చిన మామూలు మనుషులని అనుకోవడానికి దారి ఉండేది. ఒక్క వాక్యం మారడంతో తర్వాత వచ్చినవాళ్లందరికీ తలుపులు తెరుచుకున్నాయి.

ఆమెని మనవరాలిగా పెట్టడానికి కారణం కూడా కథలో దొరకదు. ఒక ముసలాయన టీనేజ్ అమ్మాయిని వెంటబెట్టుకుని ఒంటరిగా తిరుగుతుంటే చూసేవాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుందని, మొదటి కథ రాసిన ఆంథనీ కోబర్న్ ఈ బంధుత్వాన్ని సూచించాడు. అప్పటికి డాక్టర్ జాతికి టైమ్ లార్డ్స్ అన్న పేరే లేదు, అది 1969లో వచ్చింది. డాక్టర్ ముఖం, ఒళ్లు మారిపోయి ఆ పాత్రలోకి కొత్త నటుడు రావడం మొదటిసారి జరిగింది 1966లో. వాళ్ల గ్రహానికి గాలిఫ్రే అన్న పేరు 1973లో వినిపించింది. ముఖం మారడాన్ని రీజనరేషన్ అనడం 1974లో మొదలైంది. కాబట్టి "సూజన్ టైమ్ లార్డేనా, ఆమె కూడా రూపం మారుస్తుందా" అన్న ప్రశ్నకి 1963 ఎపిసోడ్‌లో జవాబు వెతకడం వృథా. రాసినవాళ్ల మనసులోనే ఆ ప్రశ్న లేదు.

మరి గీత ఎలా గీయాలి? తాతా మనవరాళ్ల మధ్య గట్టి గీత గీసెయ్, అనుమానం అక్కర్లేదు. ఆమె పిలవడం, ఆయన పలకడం మనం తెర మీద చూశాం. 1964 చివర్లో 22వ శతాబ్దపు లండన్‌లో డేవిడ్ అనే యువకుడి దగ్గర ఆమెని వదిలేసి, తిరిగి లోపలికి రాకుండా డాక్టరే తలుపు వేసేస్తాడు. ఆ సీన్‌లో ఆయన మొహం చూస్తే ఇది పేరుకి మాత్రమే చెప్పుకున్న బంధుత్వం అని నేనైతే నమ్మలేను. 1983లో ఇరవయ్యేళ్ల పండగ కథలో ఆమె మళ్లీ వచ్చింది. 2025లో అదే కరోల్ ఆన్ ఫోర్డ్ మళ్లీ సూజన్‌గా కనిపించినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆమె తల్లిదండ్రుల చోట మాత్రం రెండు ఖాళీ గళ్లు వదిలెయ్. 2006లో పదో డాక్టర్ తాను ఒకప్పుడు తండ్రినని ఒక్క ముక్క అని ఊరుకుంటాడు. ఆ మాటని ఖాళీ గడి పక్కన రాసి పెట్టు, గడిలో పేరు మాత్రం నింపకు. ఊహించి నింపిన పేరు నాలుగు చోట్ల తిరిగొచ్చేసరికి నిజమైపోతుంది.

పోలీస్ బాక్స్‌లా కనిపించే ఆ కాలయంత్రానికి టార్డిస్ అన్న పేరు సంగతి కూడా సూజన్ పేజీలోనే రాయి. ఆ పేరు తానే పెట్టానని మొదటి ఎపిసోడ్‌లో ఆమె చెబుతుంది. తర్వాతి కథల్లో ఆ గ్రహం వాళ్లంతా తమ యంత్రాలని అదే పేరుతో పిలుస్తారు. దీనికి ఫ్యాన్స్ చెప్పే వివరణలు చాలా ఉన్నాయి, కొన్ని ముచ్చటగా కూడా ఉంటాయి. అవి వివరణలేనని స్పష్టంగా తెలిసేలా కింద చిన్న అక్షరాల్లో వేసుకో.

కాలంలో ముందూ వెనకా తిరుగుతూ డాక్టర్‌ని కలిసే రివర్ సాంగ్ దగ్గరికి వచ్చేసరికి నీకు ఒక తేదీ సరిపోదు, రెండు కావాలి. మనం ఏ వరసలో చూశామన్నది ఒకటి, ఆమె ఏ వరసలో బతికిందన్నది ఇంకొకటి. 2008లో ఆమెని మొదటిసారి చూశాం, ఆ కథలోనే ఆమె చనిపోయింది. పుట్టడం 2011లో చూశాం. ఎమీ పాండ్, రోరీల కూతురు మెలొడీయే ఆమె అని తెలిసిందీ అప్పుడే. అదే ఏడాది అక్టోబర్‌లో డాక్టర్‌తో పెళ్లయింది. ఆ లెక్కన తన వెంట ప్రయాణం చేసిన ఎమీ డాక్టర్‌కి అత్తగారు, రోరీ మామగారు. 2008లో చనిపోయేముందు రివర్ ఒక మాట అంటుంది. తాను ఆయన్ని చివరిసారి చూసినప్పుడు ఆయన తనని డారిలియమ్‌కి, పాడే గోపురాలు చూపించడానికి తీసుకెళ్లాడని, ఆ రాత్రి ఆయన ఏడ్చాడని. ఆ రాత్రిని మనకి చూపించింది 2015 క్రిస్మస్ ఎపిసోడ్‌లో. ఏడేళ్ల కిందట వదిలిన ఒక్క డైలాగ్‌ని పట్టుకుని అక్కడికి తెచ్చి కలిపారు. కంటిన్యుటీ (కథల మధ్య పొందిక) అంటే తప్పులు పట్టడమే అనుకునేవాళ్లకి ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూపించు. అయితే కొత్తవాళ్ల కోసం రాస్తున్నావు కాబట్టి రివర్ పేజీని విడిగా మడిచి పెట్టు. ఎవరి కూతురో ముందే తెలిసిపోతే ఆ మూడేళ్ల ఎదురుచూపులోని రుచి వాళ్లకి పోతుంది.

గీతలన్నీ ఒకే రకంగా ఉండకూడదు. 2008లో వచ్చిన జెన్నీ డాక్టర్ చేతి నుంచి తీసిన కణజాలంతో ఒక యంత్రం తయారుచేసిన అమ్మాయి. కడుపున పుట్టలేదు, పెంచలేదు, అయినా మొదట ఒప్పుకోని ఆయనే చివరికి కూతురిగా ఒప్పుకున్నాడు. ఆమె బతికే ఉందని ఆయనకి తెలియకుండానే ఎపిసోడ్ అయిపోతుంది, అది కూడా రాయి. 2020 కథలో టెక్టియన్ ఒక దిక్కులేని పాపని (ఆ పాపే డాక్టర్) తెచ్చి పెంచుతుంది. అది పెంపకం. రక్తసంబంధానికి ఒక గీత, పెంపకానికి ఒకటి, పెళ్లికి ఒకటి, ఇలా తయారైనవాళ్లకి ఇంకొకటి పెట్టుకుంటే సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

ఆ 2020 కథ గురించి నీకు బాగా టెన్షన్‌గా ఉన్నట్టుంది. అందులో చెప్పింది ఏమిటంటే, డాక్టర్ ఎక్కడి నుంచో వచ్చిన పాప అని, హార్ట్‌నెల్ డాక్టర్ కంటే ముందు ఎన్నో జన్మలు గడిచాయని, ఆ జ్ఞాపకాలు తుడిచేశారని. దీనివల్ల పై కొమ్మ మారింది, కింది కొమ్మకేమీ కాలేదు. సూజన్ హార్ట్‌నెల్ డాక్టర్ జీవితంలోని మనిషి. ఆ జీవితం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు డాక్టర్ కన్న తల్లిదండ్రుల గళ్లు ఖాళీ అయ్యాయి, అంతే. తన తల్లి వైపు తాను సగం మనిషినని 1996 టీవీ సినిమాలో ఎనిమిదో డాక్టర్ అన్న మాటని కొట్టెయ్యకు, తేదీతో సహా పక్కన ఉంచు. 1976లో ఒక కథలో హార్ట్‌నెల్‌కి ముందరి ముఖాలన్నట్టు కొన్ని ముఖాలు తెర మీద కనిపించాయి. చాలా ఏళ్లపాటు చాలామంది అవి డాక్టర్‌వి కావని సర్దిచెప్పుకున్నారు. 2020లో ఆ ముఖాలే సాక్ష్యంగా తిరిగొచ్చాయి. అప్పట్లో వాటిని కొట్టేసినవాళ్లు మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. ఆ కథ నచ్చకపోవడం వేరు, కాగితం మీద నుంచి తీసెయ్యడం వేరు. నాకు కూడా డాక్టర్ ఏ ప్రత్యేకతా లేకుండా పుట్టి, ఇల్లు వదిలి వెళ్లిపోయిన మనిషిగానే ఎక్కువ ఇష్టం. అయినా నా కాగితంలో టెక్టియన్ పేరుంది.

నవలలు, ఆడియో నాటకాల్ని ఏం చేయాలని అడిగావు. ఇది కానన్ (అసలు కథగా లెక్కలోకి వచ్చేది), ఇది కాదు అని బీబీసీ ఎప్పుడూ గిరి గీయలేదు. నువ్వూ గీయకు, వేరే రంగు సిరా వాడు. 1997 నవల ఒకటి గాలిఫ్రేలో పిల్లలు పుట్టరని, మగ్గాల మీద నేసినట్టు తయారవుతారని చెబుతుంది. ఆడియోల్లో సూజన్‌కి అలెక్స్ అనే కొడుకున్నాడు. రెండూ ఒకే చెట్టులో పట్టవు, పట్టించాలని చూడకు. పక్కదారి కథల్లోంచి టీవీకి వచ్చినవాళ్లూ ఉన్నారు. డాక్టర్‌కి పాత స్నేహితుడైన సైనికాధికారి బ్రిగేడియర్ లెత్‌బ్రిడ్జ్-స్టూవర్ట్ కూతురు కేట్ మొదట కనిపించింది 1995లో బీబీసీతో సంబంధం లేకుండా తీసిన ఒక వీడియోలో. 2012లో అదే కేట్, వేరే నటితో, టీవీలోకి వచ్చింది. నాన్న పేరు చెప్పుకుని ఎవరి సాయమూ పొందకూడదని ఇంటిపేరులో సగం వదిలేశానని చెప్పింది. 1995లోనే ఇది లెక్కలోకి రాదని తీసేసి ఉంటే ఆమె పుట్టుక ఎక్కడుందో నీ కాగితంలో దొరికేది కాదు.

ఆ బ్రిగేడియర్ విషయంలో ఏళ్ల లెక్క కుదరదని కూడా ముందే చెప్తున్నాను, దాని మీద రాత్రుళ్లు పాడుచేసుకోకు. 1975 కథలో డాక్టర్ వెంట ప్రయాణించే సారా జేన్ తాను 1980 నుంచి వచ్చానంటుంది. 1983 కథ ప్రకారం బ్రిగేడియర్ 1976లోనే రిటైరయ్యాడు. ఈ ఇద్దరూ కలిసి పనిచేశారు. రెండు తేదీలూ రాసి, రెండూ పొసగవని రాసి, ముందుకు వెళ్లిపో. బ్రిగేడియర్ మరణం మాత్రం శ్రద్ధగా రాయి. నటుడు నికొలస్ కోర్ట్‌నీ 2011 ఫిబ్రవరిలో పోయారు. ఆ ఏడాది అక్టోబర్ ఎపిసోడ్‌లో డాక్టర్ ఆయనకి ఫోన్ చేస్తే, ఆయన ఇక లేరని చెబుతారు. కథలో తేదీ వెనక బయటి తేదీ ఉన్న చోటల్లా రెండూ రాయాలి.

1960ల టేపులు చాలావాటిని చెరిపేశారని నీకు తెలిసే ఉంటుంది. బొమ్మ లేని ఎపిసోడ్లకి అప్పట్లో ప్రేక్షకులు ఇళ్లలో రికార్డు చేసుకున్న శబ్దం ఉంది. వాటిని వినే రాయి, ఎవరో క్లుప్తంగా రాసిన కథాసారం చూసి రాయకు. సారాంశం రాసినవాళ్లు తమ అభిప్రాయాన్ని తెలియకుండానే కలిపేస్తారు.

నువ్వు వదిలిన ఖాళీ గళ్లని చూసి కొందరు వాదనకి వస్తారు. వాళ్ల దగ్గర డైలాగ్, కథ, ఏడాది ఉంటే తీసుకుని, థాంక్స్ చెప్పి చేర్చు. లేకపోతే మర్యాదగా అడుగు. ఎప్పుడో చిన్నప్పుడు చూసిన కథ మీద ప్రేమతోనే వాళ్లు కూడా అంత గట్టిగా మాట్లాడతారు.

రివర్ పేజీ ముందు పూర్తిచేసి పంపు, తేదీలు నేను సరిచూస్తాను.

ప్రేమతో,
మీ అత్త