సైకిల్ సందేహాలు: కొత్త బైక్ కొనే ముందు సీటు ఎత్తు చూసుకోండి

ప్రశ్న: అన్నా నమస్తే. నాకు 36, మియాపూర్‌లో ఉంటా, ఐటీ జాబ్. ఏడాది కింద 28 వేలు పెట్టి హైబ్రిడ్ సైకిల్ (తిన్నని హ్యాండిల్ ఉండే మామూలు రకం) కొన్నా, వారానికి మూడు రోజులు తొక్కుతున్నా. వచ్చే చలికాలంలో స్ప్రింట్ ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీలో చిన్న దూరాలది) చేద్దామని ఉంది. కానీ 15 కిలోమీటర్లు దాటగానే మోకాలి చిప్ప దగ్గర నొప్పి, అరచేతులు తిమ్మిరి. షాపులో అడిగితే ఈ సైకిల్‌తో అయ్యే పని కాదు, కార్బన్ రోడ్ బైక్ (వంపు హ్యాండిల్ ఉండే తేలికపాటి రేసు సైకిల్) తీసుకోండి, లక్షన్నర అవుతుంది అన్నారు. ఈఎంఐ పెట్టి తీసుకోమంటారా?

జవాబు: తమ్ముడూ, ఇప్పుడే వద్దు. ముందు ఒక టేపు, ఒక ఎలెన్ కీ (సీటు బోల్టు తిప్పే ఎల్ ఆకారం కీ), ఒక అరగంట పెట్టు చాలు. మోకాలి ముందు భాగంలో నొప్పి అంటే నేను మొదట చూసేది సీటు ఎత్తే. మనకి చిన్నప్పట్నుంచి ఒక అలవాటు, సీటు మీద కూర్చుంటే రెండు కాళ్లూ నేలకి ఆనాలి అని, షాపుల్లో కూడా చాలాసార్లు అట్లాగే సెట్ చేసి ఇచ్చేస్తారు, అది సందు చివరి దాకా పోయి రావడానికి పర్లేదు గానీ గంటసేపు తొక్కేవాళ్లకి మోకాలు ఎప్పుడూ మడిచే ఉండిపోతుంది, ఆ మడతలోనే బలమంతా పెట్టి తొక్కుతాం కదా, చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే గంటకి 4,800 సార్లు. అన్నిసార్లు ఒత్తితే నొప్పి రాకుండా ఎట్లుంటది చెప్పు.

ఇట్లా కొలుచుకో. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడు, అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టి సీటు మీద కూర్చున్నంత ఒత్తిడితో పైకి నొక్కు, పుస్తకం పై అంచు గోడకి తగిలిన చోట పెన్సిల్‌తో గీత పెట్టు. నేల నుంచి ఆ గీత దాకా ఎంతుందో దాన్ని 0.883తో గుణించు. 80 సెంటీమీటర్లు వచ్చిందనుకో, 70.6. పెడళ్ల రాడ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా అంత ఉండాలి. ఇది మొదలుపెట్టడానికి లెక్క మాత్రమే. తర్వాత సైకిల్ ఎక్కి, పెడల్ అడుగుకి వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టి చూడు, కాలు సరిగ్గా నిటారు అవ్వాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం మడిచి ఉంటుంది, ఆ మడత 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే బాగున్నట్టు. నడుము అటూ ఇటూ ఊగుతుంటే, లేదా మోకాలి వెనక లాగుతుంటే సీటు మరీ పైకి పోయినట్టు. ఒకేసారి రెండంగుళాలు లేపకు, 5 మిల్లీమీటర్లు లేపి రెండు మూడు రైడ్లు చూడు, పాత ఎత్తు దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టి పెట్టుకో.

అరచేతుల తిమ్మిరికి వస్తే, సీటు ముక్కు కిందకి వంగి ఉందేమో చూడు. వంగి ఉంటే ఒళ్లు ముందుకి జారుతూ బరువంతా చేతుల మీద పడుతుంది. మేస్త్రీల దగ్గర ఉండే మట్టం కొయ్య సీటు మీద పెట్టి సమంగా చేసుకో. చిటికెన వేలు, ఉంగరం వేలే ఎక్కువ మొద్దుబారుతుంటే అరచేతి అంచు దగ్గర నరం నొక్కుకుంటోందని అర్థం, చేతులు మార్చి మార్చి పట్టుకో, మోచేతులు కొంచెం వంచి ఉంచు. అప్పటికీ హ్యాండిల్ దూరం అనిపిస్తే పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే ముక్క) వేయించుకో, కొత్త సైకిల్ ధరలో అదొక చిన్న ముక్క. రెండు మూడు వారాలు ఇవన్నీ చేసినా మోకాలి నొప్పి తగ్గకపోతే మాత్రం ఫిజియోథెరపిస్ట్‌కి చూపించు, లాగించొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను మొదటి రోడ్ బైక్ కొన్నప్పుడు షాపులో నా సైజు లేదు, స్టాక్‌లో ఉన్న పెద్ద ఫ్రేమే అంటగట్టారు, ఏడాదంతా మెడ నొప్పితో తొక్కి చివరికి సగం ధరకి అమ్మేశా. ఖరీదైన ఫ్రేమ్ అయినా ఒంటికి సరిపోకపోతే నొప్పి నొప్పే.

స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. మనలాంటి మామూలోళ్లు దిగే చాలా ఈవెంట్లలో హైబ్రిడ్‌తోనే దిగొచ్చు, బ్రేకులు రెండూ పని చేయాలి, హెల్మెట్ ఉండాలి, హ్యాండిల్ చివర్లకి మూతలు ఉండాలి. ప్రాక్టీస్‌కి మీ వైపు నుంచి నార్సింగి పెద్ద దూరం కాదు, ఔటర్ రింగ్ రోడ్ పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, నార్సింగి నుంచి కొల్లూరు 14.5 కిలోమీటర్లు, పోయి వస్తే 29. లారీల భయం లేకుండా ఒకే వేగంతో తొక్కే చోటు మన ఊళ్లో దొరకడం నిజంగా అదృష్టం. ఈ సైకిల్ మీదే ఆరు నెలలు తొక్కు, అప్పటికీ మనసు ఆగకపోతే అల్యూమినియం ఫ్రేమ్ రోడ్ బైక్ చూద్దాం, మిగిలిన డబ్బుల్లోంచి కొంత ప్రొఫెషనల్ ఫిటింగ్‌కి (సైకిల్‌ని నీ ఒంటి కొలతలకి సెట్ చేయించుకోవడానికి) పెట్టు.

ప్రశ్న: అన్నా, నా హైట్ 5 అడుగుల 1 అంగుళం. ఏ షాపుకెళ్లినా ఎం సైజే చూపిస్తున్నారు, సీటు దించి హ్యాండిల్ దగ్గరికి జరిపితే సరిపోద్ది మేడమ్ అంటున్నారు. నిజమేనా? - తార్నాక

జవాబు: సరిపోదు చెల్లీ. సీటు దించితే ఎత్తు తగ్గుతుంది గానీ ఫ్రేమ్ పొడవు తగ్గదు, నువ్వు సాగిలబడి తొక్కాల్సి వస్తుంది. దూరం తగ్గిద్దామని సీటు ముందుకి జరిపితే పెడల్ మీద కాలు పడే చోటే మారిపోతుంది. ఎక్స్‌ఎస్ అడుగు, రోడ్ బైక్ అయితే ఫ్రేమ్ సైజు 47-49 సెంటీమీటర్ల దగ్గర చూడు, కానీ ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా రాస్తుంది కాబట్టి సైజు చార్టులో రీచ్ (ఫ్రేమ్ ముందుకి ఎంత పొడవు), స్టాక్ (ఫ్రేమ్ ముందు భాగం ఎంత ఎత్తు) అని ఉండే నంబర్లు పోల్చు. క్రాంక్ (పెడల్ రాడ్) 165 మిల్లీమీటర్లది ఉంటే నీ కాళ్లకి హాయి. బ్రేక్ లివర్ వేళ్లకి అందుతుందో లేదో షాపులోనే నొక్కి చూడు, చాలా లివర్లకి దగ్గరికి జరిపే స్క్రూ ఉంటుంది, తిప్పించుకో. స్టాక్ లేదంటే ఆర్డర్ పెట్టించుకుని నెల ఆగు, తొందరపడి ఎం తీసుకోకు.

ప్రశ్న: ఈత రాదు. డిసెంబర్‌లో ట్రయాథ్లాన్ చేయొచ్చా?

జవాబు: ఈ డిసెంబర్‌కి ఈత లేని డ్యుయాథ్లాన్ చెయ్యండి, స్ప్రింట్ అయితే 5 కిలోమీటర్ల పరుగు, 20 సైకిల్, మళ్లీ 2.5 పరుగు. ఈత మాత్రం ఈ వారమే కోచ్ దగ్గర చేరండి. పూల్‌లో ఆగకుండా 750 మీటర్లు ఈదగలిగాక, తోడు మనిషిని పెట్టుకుని చెరువు నీళ్లలో కూడా అలవాటయ్యాకే ట్రయాథ్లాన్‌కి పేరు ఇవ్వండి.