కాల్చిన ప్రతిసారీ తుపాకీ తుడవాలా? పన్నెండు బోరు ఉన్నవాడిగా నా జవాబు

తుపాకీ ఉన్నవాళ్ళు కాల్చిన ప్రతిసారీ దాన్ని శుభ్రం చేస్తారా, లేక ఇన్ని రౌండ్లకోసారి అని లెక్క పెట్టుకుంటారా అని అడిగారు. నా మటుకు నేను కాల్చిన రోజు సాయంత్రమే చేస్తాను. ఒక్క తూటా పేల్చినా అంతే, పాతిక పేల్చినా అంతే. అయితే మన వైపు లైసెన్సు తుపాకీలు కాల్చి కాల్చి అరిగిపోయినవి నేను చూసింది బహు తక్కువ. బీరువాలో పడి ఉండి తుప్పెక్కినవే ఎక్కువ. అందుకని ఎన్ని రౌండ్లకోసారి అన్నదానికన్నా, అసలు కాల్చని నెలల్లో ఎన్నిసార్లు బయటికి తీసి తుడుస్తున్నారు అని అడగడం మేలు.

ఆర్మీలో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు విశాఖలో ఒక సెక్యూరిటీ ఏజెన్సీ తరఫున గన్‌మన్‌గా చేస్తున్నాను. సొంత లైసెన్సు మీద డబుల్ బ్యారెల్ పన్నెండు బోరు, అంటే రెండు గొట్టాల షాట్‌గన్ ఉంది. మా ఇల్లు సముద్రానికి దగ్గర. కిటికీ చువ్వలకు ఏటా రంగు వేయించినా వానాకాలం వెళ్ళేసరికి పొట్టు లేస్తుంది. ఆ గాలిలోనే తుపాకీ కూడా ఉండాలి కదా. కాబట్టి నా లెక్క తిరుపతిలోనో కరీంనగర్‌లోనో ఉన్నవాళ్ళకు కాస్త అతిగా అనిపించవచ్చు. మామూలు రోజుల్లో నెలకోసారి, జూన్ నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకోసారి తీసి చూస్తాను. చూడటమంటే పూర్తిగా విప్పి తోమడం కాదు, పొడిగుడ్డతో ఒకసారి, నూనెగుడ్డతో ఒకసారి తుడవడమే. పది నిమిషాల పని. చెమట చేత్తో ఇనుము పట్టుకుంటే వేలిముద్ర పడ్డచోటే మర్నాటికి గోధుమరంగు మచ్చ లేస్తుంది, అందుకని చివర్లో నూనెగుడ్డతోనే పట్టుకుని లోపల పెడతాను.

ఫైరింగ్ నుంచి రాగానే ఆయుధం, ఆ తరవాతే టీ అన్నది ఆర్మీలో పడిన అలవాటు. ఉస్తాద్, అంటే మాకు నేర్పేవాడు, బ్యారెల్‌లోకి చూసి ‘ఠీక్ హై’ అంటే తప్ప కోత్‌లో (ఆయుధాలు దాచే గదిలో) జమ చేసుకోరు. అక్కడ మాకు రాడ్ కన్నా ఎక్కువ పనిచేసింది పుల్‌త్రూ. ఒక చివర బరువు, రెండో చివర చిందీ (గుడ్డపీలిక) పెట్టడానికి ఉచ్చు ఉన్న గట్టి తాడు అది. బరువును వెనక ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపు నుంచి వదిలి ముందు మూతి వైపు నుంచి లాగాలి. శుభ్రానికి నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు చిందీ. నూనె పట్టించడానికి వెడల్పు అర అంగుళం తక్కువ. రెండూ ఒకే సైజు పెడితే బిగుతుగా వెళ్ళి, రాసిన నూనెను అదే తుడుచుకుని వచ్చేస్తుంది. లాగేటప్పుడు తాడు మూతి అంచుకు రాసుకోకుండా తిన్నగా లాగాలని అరిచి మరీ చెప్పేవారు. ఎందుకంటే ఏళ్ళ తరబడి తాడు ఒకేచోట ఒరుసుకుంటే ఆ అంచు అరుగుతుంది, గుండు బ్యారెల్‌ను విడిచేది అక్కడే కనక గురి తప్పుతుంది. శుభ్రం చేయడం వల్ల కూడా తుపాకీ పాడవుతుందని నాకు మొదట తెలిసింది అక్కడే.

కాల్చిన మర్నాడు మళ్ళీ ఒకసారి చిందీ లాగి చూడండి. రాత్రి తెల్లగా వచ్చిందే, పొద్దున మళ్ళీ బూడిదరంగులో వస్తుంది. లోపల పట్టిన మసిని నూనె రాత్రంతా నానబెట్టి వదిలిస్తుంది. అందుకే వరసగా రెండుమూడు రోజులు తుడవమనేవారు. నేను ఇప్పటికీ అదే చేస్తాను.

పాతకాలం వాళ్ళు కాల్చాక బ్యారెల్‌లో మరిగే నీళ్ళు పోసేవారని వినే ఉంటారు. అది చాదస్తం కాదు. అప్పటి .303 రైఫిల్ తూటాల ప్రైమర్లలో, అంటే తూటా అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే మూతల్లో, పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే మన ఉప్పుకు తోబుట్టువు. గాలిలో తేమను లాక్కుని రాత్రికి రాత్రే ఇనుమును తినేస్తుంది. నూనెలో అది కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. అందుకే ముందు నీళ్ళు, ఆరాక నూనె. ఇప్పటి మామూలు తూటాల ప్రైమర్లలో ఆ క్లోరేట్ లేదు కాబట్టి నీళ్ళ అవసరమూ లేదు. నల్ల తుపాకిమందుతో పేల్చే నాటు తుపాకుల సంగతి మాత్రం వేరు. వాటిని ఆ రోజే వేడినీళ్ళతో కడగకపోతే మర్నాటికి ఎర్రబడతాయి.

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు దీని గురించి నాతో ఎప్పుడూ వాదిస్తాడు. వాడి దగ్గర 9 ఎంఎం గ్లాక్ పిస్టల్ ఉంది. కొన్ని వందల రౌండ్లు కాల్చాక గానీ విప్పడు, అయినా ఇబ్బంది లేదంటాడు. వాడు చెప్పింది తప్పేం కాదు. ఈ కాలం పిస్టళ్ళు కాస్త మసికి ఆగిపోవు, బ్యారెల్‌కు, స్లైడ్‌కు తుప్పు పట్టకుండా పూత ఉంటుంది, ఇల్లంతా ఏసీ. నా తుపాకీకి ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. ఒకసారి వాడే ఫోన్ చేసి, స్నేహితుడు సోవియట్ కాలం నాటి మోసిన్ రైఫిల్ కొని మిలిటరీ మిగులు తూటాలు చవగ్గా తెచ్చాడని చెప్పాడు. ఆ తూటాలు ఎక్కువభాగం పాత రకం ప్రైమర్లవే కాబట్టి వేడినీళ్ళు పోయమన్నాను. నవ్వాడు గానీ పోశారు.

షూటింగ్ ఆట ఆడే పిల్లలకు నా పద్ధతి చెప్పకండి. మా అన్నయ్య కూతురు ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాలుస్తుంది. వాళ్ళ కోచ్ రోజూ బ్యారెల్ తోమనివ్వరు. .22 గుండు మీద మైనం లాంటి పూత ఉంటుంది, అది బ్యారెల్‌లో పల్చగా పరుచుకున్నాకే గుండ్లు ఒకచోట పడతాయి. శుభ్రంగా తుడిచిన బ్యారెల్‌తో మొదటి కొన్ని గుండ్లు అటూ ఇటూ పోతాయి. అందుకని వాళ్ళు బోల్టు, ఛాంబర్ మాత్రం తుడిచి ఊరుకుంటారు. ఎయిర్ రైఫిల్ అయితే అసలు మందే లేదు. గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది దానితోనే. అందులో అప్పుడప్పుడు ఒక ఫెల్ట్ పెల్లెట్ (తుడవడానికి వాడే మెత్తటి ఉన్ని బిళ్ళ) వదిలితే చాలు. గాలి సిలిండర్ రకానికి మామూలు నూనె అస్సలు తగలనివ్వకూడదు, అంత పీడనంలో అది అంటుకునే ప్రమాదం ఉంది.

ఇక పన్నెండు బోరు శుభ్రం చేసే పద్ధతి. మొదట తెరిచి రెండు ఛాంబర్లూ కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి చూడాలి. శుభ్రం చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు. ముందు చెక్క ఊడదీస్తే తుపాకీ మూడు ముక్కలవుతుంది. బ్యారెళ్ళను తెల్ల గోడ వైపు పెట్టి లోపలికి చూస్తే వెలుగు గుండ్రటి వలయాలుగా వరసగా కనిపించాలి. ఎక్కడైనా వలయం చెదిరి మసకగా ఉందంటే అక్కడ సీసమో ప్లాస్టిక్కో అంటుకుందన్నమాట. సాధారణంగా ఛాంబర్ దాటాక నాలుగైదు అంగుళాల్లోనూ, మూతి దగ్గర గొట్టం కాస్త ఇరుకయ్యే చోక్‌లోనూ ఉంటుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్ నూనెలో ముంచి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆడిస్తే సీసం పల్చని వెండి రేకుల్లా రాలుతుంది. ఇనుప బ్రష్ వద్దు. ఖాళీ తూటాను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కింద దుమ్మూ నూనే కలిసి జిగురులా పేరుకుంటుంది, ఎక్కువమంది అక్కడ చూడరు. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, అది సీసం.

నూనె విషయంలో మనవాళ్ళు చేసే పనులు చూస్తే ఒళ్ళు మండుతుంది. కొబ్బరినూనె రాస్తారు. చలికాలంలో గడ్డకట్టి, తరవాత జిగురై ట్రిగ్గర్ లోపల పట్టేస్తుంది. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టు మిషన్ నూనె నయం. అదైనా చుక్క రాసి తుడవాలి తప్ప కార్చకూడదు. ఎక్కువైన నూనె దిగివచ్చి మడమ చెక్కలోకి ఇంకితే కర్ర మెత్తబడుతుంది. అందుకే నేను మూతి కిందికి ఉండేలా నిలబెడతాను. తోలు కవర్లోనో రెక్సిన్ కవర్లోనో పెట్టి బీరువాలో తోసేయడం అన్నిటికన్నా చెడ్డది. ఆ కవరు ప్రయాణానికే, లోపలికి చేరిన తేమ అందులోంచి బయటికి పోదు.

ఇక అసలు టెన్షన్ ఎలక్షన్లు. 2024లో షెడ్యూలు వచ్చింది మార్చి 16న, మన దగ్గర పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న. కోడ్ ఉన్నన్నాళ్ళూ డిపాజిట్ చేయమన్నవాళ్ళ తుపాకీలు స్టేషన్లోనే. నడివేసవి, సముద్రపు గాలి, గోడకు చేరేసి పెట్టిన వరస. మా మిత్రుడొకాయన తిరిగి తెచ్చుకునేసరికి బ్యారెల్ మీద నీలిపూత పోయి చెయ్యి వేస్తే గరుకుగా తగిలింది. లోపల గుంటలు పడ్డాయని ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) చెప్పాడు. అవి ఎంత తోమినా పోవు. ఎవరిని అడుగుతారు?

అందుకని డిపాజిట్‌కి ముందురోజు బ్యారెల్ లోపలా బయటా గ్రీజు దట్టంగా పట్టించి ఇస్తాను. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర పెట్టడానికి అనుమతి ఉంటే అక్కడే పెడతాను, నెలకోసారి తుడిచిపెట్టమని డబ్బులిస్తే చేస్తారు. రసీదులో తుపాకీ నంబరుతో పాటు స్థితి కూడా రాయించుకుంటాను. తెచ్చుకున్న రోజే ఆ గ్రీజంతా పొడి చిందీలతో, తెల్లగా వచ్చేదాకా తీసేయాలి. బ్యారెల్‌లో గ్రీజు అడ్డు ఉండగా కాలిస్తే పీడనం పెరిగి బ్యారెల్ ఉబ్బొచ్చు, చీలొచ్చు కూడా.